పక్కింటి విజిల్స్

మా ఆయన నరేందర్ వంటింట్లో వెలగబెట్టిన ఘనకార్యాలు చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. చర్లపల్లిలో మందుల కంపెనీ. ప్యాకింగ్ సెక్షన్‌లో సూపర్‌వైజర్ పని పిలిచి మరీ ఇస్తామన్నారు. పొద్దున ఆరింటికి కంపెనీ బస్సు నాచారం చౌరస్తాకు వస్తుంది. వస్తానో రానో సోమవారంలోగా చెప్పాలి. నా మనసంతా దాని మీదే ఉంది.

నరేందర్ వద్దనలేదు. అంటే చెడ్డవాడైపోడూ? "నువ్వు పో గౌతమీ, ఫికర్ జెయ్యకు. ఈ వారం వంట నేనే జేస్త. ఇల్లు నడుస్తదో లేదో ఆదివారం అమ్మ వచ్చి సూసి జెప్తది" అన్నాడు. ఎంత మంచి మొగుడో అని మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇక చూడాలి ఆ వారం. కుక్కర్ మూతకు రబ్బరు పెట్టకుండానే పప్పు ఎక్కించాడు. పసుపు నీళ్లు స్టవ్ నిండా పారాయి. మర్నాడు మిక్సీ మూత పట్టుకోకుండా స్విచ్ నొక్కితే టమాట పచ్చడి ఎగిరి గోడమీది క్యాలెండర్‌కు అంటుకుంది. చారులో ఉప్పు వేసి, వేశానో లేదోనని మళ్లీ వేశాడు. పోపు పెట్టి ఫోన్లో క్రికెట్ చూస్తూ నిలబడితే ఆవాలు బొగ్గయ్యాయి. మ్యాచ్ ఉప్పల్‌లోనే జరుగుతోందట, ఇంటి పక్కన ఆడుతుంటే చూడకపోతే ఎలా అట!

ప్రతిసారీ అదే మొహం. చేతులు దులుపుకుని, తనవల్ల కాదనీ, నేను లేకపోతే ఇల్లు ఆగమైపోతుందనీ అనేవాడు. మొదటిరోజు ఆ మాట ముద్దుగానే ఉంది. రోజూ వింటుంటే ఒళ్లు మండింది. తను పనిచేసే ఫ్యాక్టరీలో మిషన్ చప్పుడు విని ఎక్కడ పాడైందో చెప్పే మనిషికి చారులో ఉప్పు తెలియదా? అయినా పాపం మగవాడు, అలవాటు లేదులే అని సర్దిచెప్పుకున్నాను. గోడమీది పచ్చడి నేనే తుడిచాను.

ఆదివారం మా అత్తమ్మ మల్లవ్వ జనగామ నుంచి వచ్చింది. ఆమెంటే నాకు భయం. తిట్టదు, ఎక్కువ మాట్లాడదు, చూస్తుంది. ఆమె వద్దంటే ఎదిరించి బస్సెక్కే ధైర్యం నాకు లేదు. అది నరేందర్‌కూ తెలుసు. అందుకే ఆ ఒక్క పూట కూర కుదరాలని ఎల్లమ్మ తల్లికి మొక్కుకున్నాను.

అయ్యగారు మటన్ తెచ్చి కుక్కర్‌లో పెట్టి, మా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. మా వంటింటి కిటికీ ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్కింటి సారమ్మ వాళ్ల కిటికీ. వాళ్లు చర్చి నుంచి రాగానే కుక్కర్ ఎక్కిస్తారు. విజిల్స్ వచ్చాయి. నరేందర్ వెళ్లి స్టవ్ కట్టేసి, కూర వడ్డించాడు. ముక్క చెప్పు అట్టలా సాగింది.

సారమ్మ వాళ్ల విజిల్స్ కూడా కలిపి లెక్కపెట్టేశానని వివరించాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. వివరించి ఊరుకున్నాడా? "గిట్లుంటదమ్మా నా వంట. గౌతమి డ్యూటీకి పోతే ఇగ నాకు పస్తులే" అని తల్లి మొహంలోకి ఆశగా చూశాడు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను.

అత్తమ్మ నోట్లో ముక్క తీసి కంచం అంచున పెట్టింది.

"మీ నాయిన దినాలకు వంటోడు తాగి పడిపోతే, ఊరందరికి యాటకూర వండింది ఎవడురా?"

నరేందర్ తల దించుకున్నాడు.

"గప్పుడు ఏ విజిల్ లెక్కవెట్టినవ్? ముక్క నొక్కి సూసి గంజు దించినవ్. పుట్టెడు దుఃఖంల ఉండి గూడ నేను రెండు ముద్దలు తిన్న. ఇయ్యాల నీ పెండ్లానికి వండనీకె చెయ్యి రాలేదా?"

నా పెళ్లికి ముందు సంగతి అది. నాకెవరూ చెప్పలేదు. ఊరందరికీ వండిన చేతులు, పెళ్లాం బస్సెక్కుతానంటే చచ్చుబడ్డాయన్నమాట. నంగనాచి! వారమంతా ఈ మనిషి మీదా నేను జాలిపడింది!

అత్తమ్మ కంచం పక్కకు జరిపి గోడకు ఆనుకుని కూర్చుంది. నరేందర్ లేచి వంటింట్లోకి వెళ్లాడు. కూర బగోనెలోకి వంచి, మంట తగ్గించి, మూత పెట్టాడు. మధ్యమధ్య ముక్క నొక్కి చూశాడు. కారం, ధనియాల పొడి చేత్తోనే చల్లాడు. ఒక్క చుక్క ఒలకలేదు. వాసన ముందు గదిలోకి వచ్చేసరికి నా కోపం రెట్టింపైంది.

కూర బ్రహ్మాండంగా ఉంది. ఇంత రుచి చేతిలో పెట్టుకుని, ఇన్నేళ్లలో నా కంచంలో ఒక్కసారి వేయలేదు. తింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం అనుకున్నాడేమో, మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు. నేను ముట్టుకోలేదు.

"రేపు కంపెనీకి ఫోన్ జేసి వస్తున్నని చెప్త" అన్నాను. "నా అన్నం డబ్బా నువ్వే కట్టాలె. అది ఎట్లున్నా సరే, నీకు చేతగాక గట్లయిందని మాత్రం ఇగ నమ్మ."