తాడు మీద పేలిక

నేను ఒక పేలికను. ఒకప్పుడు చిన్నాలమ్మ నీలం చీరకు అంచుని. మరమగ్గం మీద పుట్టానట. ఆ చప్పుడు తప్ప నాకేమీ గుర్తులేదు. చీర చిరిగాక కాఫీతోటలో ఆమె బిడ్డ ఉయ్యాలకు చేరాను. అక్కడ కాయలు కోసే తల్లులు వానాకాలం ఉయ్యాల తాళ్లకు పేలికలు కట్టి కొసలు వేలాడదీస్తారు. తాడు వెంట జారే నీళ్లు పేలిక మీదుగా నేలకు దిగిపోతాయి. బిడ్డ పెద్దదయ్యాక నేను మసిగుడ్డనయ్యాను.

ఇప్పుడు చిన్నాలమ్మ కొండ ఎక్కేవాళ్లకు వంట చేస్తుంది. వాళ్లు చెట్లకు ఉయ్యాల పడకలు కట్టుకుని పడుకుంటారు. మనుషులు పెద్దయ్యాక ఉయ్యాలకు పేరు మారుస్తారు, ధర పెంచుతారు.

ఈసారి నీలవేణి అనే నర్సు వచ్చింది. ముప్పై ఏళ్లు ఇతరుల మంచాల పక్కన నిలబడి, మొన్ననే రిటైరైంది. శిఖరం మీద ఒక్క రాత్రి పడుకోవాలని ఆమె కోరిక. పొద్దుటి జల్లుకే ఆమె పడక అంచు తడిసింది.

బృందాన్ని నడిపే సుహాస్ పైన టార్పాలిన్ బిగించాడు. "ఇక చుక్క దిగదమ్మా. మధ్యాహ్నం వానకు ఎవరి పడక తడిసినా సాయంత్రం జీపులో దిగిపోవాలి. పైన చలి."

అతను వెళ్లాక చిన్నాలమ్మ అంది: "నీళ్లు మీంచి రాలేదమ్మా. తాడట్టుకుని వస్తన్నాయి."

నన్ను రెండుగా చింపి, నీలవేణి పడక తాళ్లకు తల వైపొకటి, కాళ్ల వైపొకటి కట్టింది. నీకూ కట్టనా అని సుహాస్‌నూ అడిగింది.

"నా పడకకు మసిగుడ్డ కడితే నవ్వుతారు, చిన్నాలమ్మా."

"నవ్వుకు పడక తడవదు కద బాబూ."

అతను వద్దన్నాడు.

వాన రెండు గంటలు కురిసింది. నా కొసల నుంచి నీళ్లు ధారకట్టాయి. నీలవేణి పొడిగా లేచింది. సుహాస్ పడకను పిండితే బిందెడు నీళ్లు. అతను జీపు ఎక్కడానికి సంచి సర్దుకున్నాడు.

"నేను తడిస్తే పంపేసేవాడివా?" అడిగింది నీలవేణి.

"పంపేసేవాణ్ణమ్మా."

"అయితే ఆ రూలు మార్చు. చిన్నాలమ్మ పొయ్యి దగ్గర పడక ఆరబెట్టు."

నా రెండు ముక్కలనూ విప్పి, కట్టుగుడ్డ చింపే అలవాటున్న చేతులతో నిలువునా చీల్చింది. రెండు అతని తాళ్లకు, రెండు తన తాళ్లకు కట్టింది.

జీపు ఖాళీగా దిగిపోయింది. మర్నాడు శిఖరం మీద రెండు పడకలకు వేలాడాను. ఈ కథ చెబుతున్నది నా నాలుగు ముక్కల్లో ఏదో, నాకే తెలియదు.