మర్యాదస్తుడు

జాలరిపేటలో ఎవరింట మగపిల్లాడు పుట్టినా నీళ్ళు పోయడానికి వరహాలమ్మ రావాల్సిందే. పొద్దున్నే చేపలు అమ్ముకుని, బుట్ట బోర్లించి, వాళ్ళ పెరట్లో పీట వేసుకుని కాళ్ళు చాపేది. కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, నూనె రాసి, వేణ్ణీళ్ళు పోస్తుంటే ఆ వెధవలు ఊరుకుంటారా? ఉచ్చ ధార సూటిగా ఆవిడ మొహానికే కొట్టేవాళ్ళు. కొంగుతో తుడుచుకుని నాలుగు తిట్లు తిట్టేది. ఆ తిట్లు పడితే పిల్లాడికి మంచిదని పేటలో అందరికీ నమ్మకం.

సొంత మనవడు చింటూ మాత్రం ఒక్కనాడూ ఆ పని చేయలేదు. మొదట్లో ఆవిడ కాస్త చిన్నబుచ్చుకుంది. తర్వాత దాన్నే గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టింది. తన మనవడు పుట్టుకతోనే మర్యాదస్తుడని, మీ పిల్లల్లాంటివాడు కాదని పేటంతా చాటింది. కోడలు శ్రీసత్య పెందుర్తి పిల్ల. స్నానం కాగానే డైపర్ తొడిగేసేది. అది ఎప్పుడు చూసినా తడిగానే ఉండేది కాబట్టి ఆమెకూ అనుమానం రాలేదు. పిల్లాడు పాలు సరిగ్గా తాగడం లేదని, ఒళ్ళు చేయడం లేదని బెంగపడితే అత్త ఎండుమిరపకాయలతో దిష్టి తీసి ధైర్యం చెప్పింది.

రెండో నెల దాటాక జ్వరం వచ్చింది. మందు వేస్తే తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఒళ్ళు కాలిపోయింది. పిల్లాడు ఏడవడం కూడా మానేసి వడిలిపోయాడు. కొడుకు నాగవంశీ సముద్రం మీదికి చేపల వేటకెళ్ళి ఇంకా తిరిగిరాలేదు. అత్తాకోడళ్ళిద్దరే ఆటో ఎక్కి పిల్లల ఆసుపత్రికి పరుగెత్తారు.

డాక్టర్ అనూరాధ పొట్ట నొక్కి చూసింది, స్కానింగ్ తీయించింది. మూత్రాశయం ఉబ్బి గట్టిపడిందని, రెండు కిడ్నీలూ వాచాయని, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని చెప్పింది. మూత్రం ధారగా వస్తుందా, చుక్కలుగా కారుతుందా అని తల్లిని అడిగింది. డైపర్ మాత్రం తడుస్తూనే ఉంటుందండీ అని శ్రీసత్య గొణిగింది.

వరహాలమ్మకు జవాబు తెలుసు. పేటలో ఇంతమంది పిల్లలకు నీళ్ళు పోసిన మనిషి, సొంత మనవడి దగ్గర ఏం చూసినట్టు? కోడలి ముందు ఇక తలెత్తుకోవడం ఎలా? బల్ల మీద చింటూ సన్నగా మూలిగాడు. ఆ మూలుగు వినేసరికి ఆవిడకు పరువు సంగతే గుర్తు లేకుండా పోయింది.

"నాను నీళ్ళు పోసినన్నాళ్ళూ ఒక్కపాలి కూడా దార రాలేదమ్మా. బొట్లు బొట్లుగా కారీది. నానే అది మర్యాదనుకొని మురిసిపోనాను."

డాక్టరమ్మ కోప్పడలేదు. మూత్రం వచ్చే దారిలో పుట్టుకతోనే సన్నటి పొర అడ్డం ఉండొచ్చని, కొందరు మగపిల్లలకు అలా ఉంటుందని, బయటికి పోలేని మూత్రం వెనక్కి ఎగదన్ని కిడ్నీలను పాడుచేస్తుందని విడమరిచి చెప్పింది. ముందు మూత్రం బయటికి పోవడానికి ట్యూబు వేశారు. జ్వరం దిగాక ఎక్స్‌రేలో ఆ అడ్డు తేలింది. సన్నటి గొట్టం లోపలికి పంపి పొరను తొలగించారు. కానీ ఒక కిడ్నీ అప్పటికే కొంత దెబ్బతింది. పిల్లాడు పెద్దయ్యేదాకా పరీక్షలు చేయిస్తూనే ఉండాలన్నారు. జ్వరం వస్తే ఇంట్లో కూర్చోవద్దని, ధార ఎలా పడుతుందో కనిపెట్టుకుని ఉండమని మరీ మరీ చెప్పి పంపారు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ శ్రీసత్య అత్తను పల్లెత్తు మాట అనలేదు. అననందుకే వరహాలమ్మకు ప్రాణం చచ్చిపోయింది. ఇంటికొచ్చాక పీటను గోడకు నిలబెట్టేసింది. పేటలోని చిట్టమ్మ తన మనవడికి నీళ్ళు పోయమని పిలవడానికొస్తే చెయ్యి నొప్పని అబద్ధమాడి పంపేసింది.

మర్నాడు శ్రీసత్యే ఆ పీట తెచ్చి పెరట్లో వాల్చింది. వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు కలిపి పిల్లాణ్ణి అత్త చేతుల్లో పెట్టింది.

"నువ్వే పొయ్యి అత్తా. దార సూడమన్నారు కదా డాక్టరమ్మ. నీకంటే బాగా సూసీవోల్లెవరు?"

వరహాలమ్మ కాళ్ళు చాపి కూర్చుంది. పిల్లాడి ఒంటికి నూనె రాసింది. చెంబుతో నీళ్ళు తీసి మెల్లగా పొట్ట మీద పోసింది. చింటూ కాళ్ళు ఝాడించాడు. వెచ్చటి ధార ఒకటి పైకి లేచి సూటిగా ఆవిడ మొహానికి కొట్టింది.

శ్రీసత్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వరహాలమ్మ కొంగు వెతుక్కోలేదు. ఇన్నేళ్ళుగా తిట్టిన తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు.

"నీకు మర్యాద లేదురా," అంది, ఆ తడి మొహంతోనే ఏడుస్తూ.