తల్లి కోరినందున

ఎండ ఇంకా ముదరలేదు గాని, మదనపల్లె టమాటా మండీలో అంజమ్మ నడుము అప్పుడే పట్టేసింది. పండూ కాయా వేరు చేసి, మచ్చపడినవి ఏరేసి, బాక్సులు నింపడం ఆమె పని. పొద్దు గుంకేదాకా వంగితే ముప్పై రూపాయలు. నడుము నిమురుకుంటూ తలెత్తేసరికి, ఎదురుగా కూతురు దీపిక పుస్తకాల సంచీతో నిలబడి ఉంది.

"ఇస్కూలు ఇడిసిపెట్టి యాల వచ్చినావు?"

"పెద్దసారు ఈ కాగితం ఇచ్చి, ఇంగ రావద్దన్నాడమ్మా."

దీపికకు తొమ్మిదేళ్లు, మూడో తరగతి. రెండేళ్ల కిందట షుగరు జబ్బని తేలింది. ముసలివాళ్లకు రావలసింది పసిదానికి రావడమేమిటని వీధంతా ముక్కున వేలేసుకుంది. పొద్దునా సాయంత్రమూ అంజమ్మే సూది వేస్తుంది. ఆ మందు సీసా నాలుగు రోజుల కూలిని మింగుతుంది. బడిలో కావలసింది మాత్రం ఎంతో లేదు. పదకొండింటికి నాలుగు ముద్దలు తిననివ్వాలి, అడిగినప్పుడు బయటికి పంపాలి, కళ్లు తిరిగితే నోట్లో ఇంత చక్కెర వేయాలి.

అంజమ్మ కాగితం విప్పింది. తొంభై రెండులో వీధిలో పెట్టిన అక్షరాస్యత క్లాసులో అబ్బిన చదువు ఆమెది. చదువనడం పెద్దమాట, కూడబలుక్కుంటుంది. 'బడి మానుటకు కారణం' అన్న మాటలు దాటడానికే చాలాసేపు పట్టింది. దానికెదురుగా 'తల్లి కోరినందున' అని ఉంది. తప్పు చదివానేమోనని మళ్లీ మొదటినుంచి చదివింది. తప్పు కాదు.

బాక్సు సగంలో వదిలేసి, కూలి పోతే పోయిందనుకుని, కూతురి చెయ్యి పట్టుకుని బడికి నడిచింది.

హెడ్మాస్టరు వరదరాజులు ఆమెను కూర్చోమనలేదు. "నువ్వే కదమ్మా అర్జీ ఇచ్చినావు?" అని ఇంకో కాగితం ముందుకు తోశాడు. అడుగున వంకరటింకరగా ఉన్నది అంజమ్మ సంతకమే.

పోయిన సోమవారం బడి ప్రార్థనలో దీపిక కళ్లు తిరిగి పడింది. మర్నాడే మూడో తరగతి టీచరు సుధారాణి ఇంటికొచ్చి, పదకొండింటికి తిననిచ్చే పర్మిషన్ కాగితమని చెప్పి సంతకం పెట్టించుకుంది. ఇంకెవరైనా అయితే అంజమ్మ ముక్కముక్కా చదివేదే. కానీ ఆ అక్షరాస్యత క్లాసులో వేలిముద్ర మాన్పించి, చెయ్యి పట్టి పేరు రాయించింది సుధారాణే. గురువు ఇచ్చిన కాగితాన్ని గురువు ముందే చదివి చూడడం మర్యాద కాదనుకుంది.

సుధారాణి తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"నువ్వేనా అక్కా?" అంది అంజమ్మ.

"సారు రాయమన్నాడు, రాసినాను. బిడ్డకు ఈడ ఏమన్నా అయితే మా ఉద్యోగాలు పోతాయి అంజమ్మా. మాకూ పిల్లోళ్లు ఉండారు."

"దానికి బువ్వ పెట్టమని అడగలేదే. తినేటప్పుడు తిట్టొద్దంటి, అంతే. కుదరదని మొగం మింద చెప్పింటే సరిపోయేది. నా చేత్తోనే నా బిడ్డను గెంటిస్తారా?"

సుధారాణి కొంగు సర్దుకుంది. నమ్మించి గొంతు కోయడమంటే ఇదేనని అంజమ్మకు తెలిసింది. కోపం కన్నా సిగ్గు ఎక్కువైంది. పేరు రాయడం వచ్చిన రోజున పలక పట్టుకుని ఇంటింటికీ తిరిగి చూపించింది మరి.

"ఇంట్లో పెట్టుకో తల్లీ, నీడపట్టున ఉంటాది" అన్నాడు వరదరాజులు, దయగా.

అంజమ్మ, పిల్ల తెచ్చిన ఆ టి.సి. కాగితాన్ని బల్ల మీద పెట్టేసింది. దీపికను మూడో తరగతి గదిలోకి తీసుకెళ్లి, పిల్లను పిల్ల చోట కూర్చోబెట్టి, పక్కనే నేల మీద తానూ కూర్చుంది. పదకొండు కావస్తోంది. సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచింది. ఇన్నాళ్లూ తలుపు చాటున తిన్న పిల్ల, చుట్టూ ఉన్న నలభై ముఖాలను చూసి తలదించుకుంది.

"తిను" అంది అంజమ్మ. "అందురూ సూడనీ."

వరదరాజులు గుమ్మంలోకి వచ్చాడు. "లెయ్యమ్మా, ఇన్‌స్పెక్టరు వచ్చే టయిము."

"రానీ సార్. ఆయప్పతోనూ ఈడనే కూర్చోని మాట్లాడతా. నేను లెయ్యను."

దీపిక మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. సుధారాణి సుద్దముక్క పట్టుకుని లోపలికొచ్చి, బోర్డు దగ్గర ఆగిపోయింది. పాఠం మొదలుపెట్టలేదు. పొమ్మనీ అనలేదు.