రెండో నాగా

శనివారం పొద్దున ఫస్టు షిఫ్టు సైరను మోగేసరికి ఎలిజబెత్ సంచి సర్దేసింది. ఉప్పు వేయని ఉప్మా, మడిచిన దుప్పటి, దవాఖాన ఫైలు. ఆమె భర్త యిర్మియా మాత్రం మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకునే అన్నాడు.

"ఇయ్యాల గూడ నాగా."

ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగినా డ్యూటీకి ఒక్క నాగా పెట్టని మనిషి. కిడ్నీలు పోయి రెండేళ్లుగా మంగళ, గురు, శనివారాలు డయాలసిస్‌కి తిరుగుతున్నాడు. మొన్న గురువారం తొలిసారి పోనన్నాడు. ఇప్పటికే మొహం ఉబ్బింది. పాదం మీద వేలుపెట్టి నొక్కితే గుంట అలాగే నిలిచిపోతోంది. రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గానీ ఊపిరి ఆడటం లేదు. "వరసగా రెండుసార్లు తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందమ్మా, అప్పుడు మా చేతుల్లో కూడా ఉండదు," అని నర్సమ్మ నిన్న ఫోన్లో చెప్పింది.

ఆ మాట ఆయన చెవిన వేయాలి. అరవాలి. అవసరమైతే కాళ్లు పట్టుకోవాలి. ఎలిజబెత్‌కి అన్నీ తెలుసు. ఒంట్లో ఓపికే లేదు.

గురువారం ఆయన పోనన్నప్పుడు రెండు మాటలు బతిమాలి, వంటింట్లో చాప వేసుకుని ఒరిగింది. ఎండ గడప దాటి లోపలికి వచ్చేదాకా నిద్రపోయింది. మెలకువ రాగానే ముందు ఒళ్లు తేలికపడ్డట్టనిపించింది. ఎందుకు తేలికపడిందో గుర్తొచ్చాక భయం వేసింది. ఆ సంగతి ప్రార్థనలో దేవుడికి కూడా చెప్పలేదు.

"లే. ఆటో వచ్చే యాళ్లయింది," అంది.

"రానీ. నేను రాను. నాగా పెడితే నాకు చార్జిషీటు ఇస్తరా?"

ఆమె మంచం చివర కూర్చుండిపోయింది.

అప్పుడే వాకిట్లో కర్ర చప్పుడైంది. "యిర్మియా! ఇంక పన్నవా?"

సదయ్య గొంతు. దవాఖానలో యిర్మియా పక్క మంచం ఆయనది. ఆరేళ్లుగా మిషను మీదే బతుకుతున్నాడు. వేరే గనిలో పనిచేసి రిటైరైన మనిషి. రెండు వీధుల అవతలి నుంచి నడిచి వచ్చినందుకే ఎగపోస్తూ గడపలో కూలబడ్డాడు.

"మొన్న పక్క బెడ్డు ఖాళీ. నాలుగ్గంటలు ఫ్యాను చూసుకుంట పన్న. ఎవనితోని లొల్లి పెట్టుకోవాలె నేను?"

"నువ్వు పో అన్నా. నాతోని కాదు. గా సూదులు, గా చలి, ఇంటికొచ్చినంక పిక్కలు పట్టుడు. ఇంకెన్ని రోజులు?"

"నాకేమెరుక?" అన్నాడు సదయ్య. తగ్గిపోతుందని అనలేదు. కాసేపు ఊపిరి తీసుకుని, "మీ బాయిల జోడీ పైకి రాకుంటే ఏం జేస్తుంటిరి?" అని అడిగాడు.

జవాబు ఎలిజబెత్‌కి కూడా తెలుసు. గనిలో ఇద్దరిద్దరు జోడీగా పని. జోడీ పైకి రాకముందే తన టోపీ లైటు అప్పగించి ఇంటికి పోయినవాడి పక్కన కూర్చుని గ్యాంగులో ఎవరూ అన్నం తినరు. ఒకసారి కింద పైకప్పు కూలి జోడీ ఆగిపోతే, యిర్మియా లైటు చేతిలో పట్టుకుని తర్వాతి షిఫ్టు దిగేదాకా గని ముందే నిలబడ్డాడు. ఆ రోజు ఆమె వండిన అన్నం పాచిపోయింది.

"నాదీ గదే లెక్క. నువ్వు లేవకుంటే నేను పోను. గీడనే కూసుంట," అన్నాడు సదయ్య. గడప మీద చాపిన ఆయన పాదాలు కూడా ఉబ్బే ఉన్నాయి.

"ఏందన్నా గీ జబర్దస్తి?"

"జబర్దస్తే. నాగా మీద నాగా పెడితే ఈడ చార్జిషీటు గిట్ల ఉండది తమ్మీ, సీదా రిటైర్మెంటే. ఇద్దరం ఒక్కపాలి దిగిపోదాం తియ్."

యిర్మియాకి నవ్వొచ్చింది. నవ్వు దగ్గుగా మారి ఎంతకీ ఆగలేదు. ఎలిజబెత్ వీపు రాస్తూ ఉండగానే బయట ఆటో హారన్ కొట్టింది. రెండోసారి కూడా కొట్టింది.

"వస్తున్నరా, పోవాల్నా?" అని డ్రైవర్ కేకేశాడు.

"పో బిడ్డా!" అన్నాడు సదయ్య, తల తిప్పకుండానే.

ఆటో స్టార్టయింది. యిర్మియా కాళ్లు మంచం మీంచి కిందికి దిగాయి.

"ఆపుమను వాణ్ణి. మొండోడు, నిజంగనే కూసుంటడు. నా చెప్పులేయి?"

ఆయన గోడ పట్టుకుని వాకిలి దాటాడు. ఎలిజబెత్ సంచి అందుకుంటే సదయ్య దాని పిడి పట్టుకున్నాడు.

"నువ్వెటు చెల్లె?"

"నేను రాకుంటే ఎట్లన్నా?"

"మా ఇంటామె పోశవ్వకు దవాఖాన డ్యూటీ నుంచి రెండేండ్ల కిందనే సెలవిచ్చిన. బాయిల మనకు వారానికో ప్లే డే సెలవు ఉండె. నీకేది?"

ఎలిజబెత్ పిడి వదల్లేదు. గొంతు తగ్గించి, "మొన్న ఆయన రానంటే నా పాణం సుకమైందన్నా," అంది.

సదయ్య కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"పోశవ్వ గూడ ఓపాలి గట్లనే అన్నది. నాకు కోపమొచ్చి ఆరు నెలలు దానితోని మాట్లాడలే. తప్పు నాదే." సంచి తన భుజానికి వేసుకున్నాడు. "పన్నుకో. ఒంటిగంటకు తెచ్చి దింపుత."

ఆటో మలుపు తిరిగింది. ఎలిజబెత్ వంటింట్లోకి వెళ్లి బియ్యం డ్రమ్ము వెనక దాచిన చెంబు తీసింది. రోజంతటికీ ఆయనకు అర లీటరు నీళ్లే. అందుకే రెండేళ్లుగా ఆయన కంటపడేలా ఆమె గుక్కెడు తాగలేదు. తలుపు చాటున, గొంతు చప్పుడు కాకుండా తాగేది. ఇవాళ చెంబు నిండా ముంచుకుని ముందుగదిలోకి వచ్చి, ఆయన మంచానికి ఆనుకుని కూర్చుని గటగటా తాగింది. మెడ మీదుగా కారి జాకెట్టు తడిసింది. ఇంకో సగం చెంబు తెచ్చుకుంది.

ఈపాటికి మొదటి సూది గుచ్చి ఉంటారు. ఫోను మోగలేదు. నేల మీదే ఒరిగింది.

ఒంటిగంటలోపు చెంబు తుడిచి డ్రమ్ము వెనక పెట్టెయ్యాలి, అనుకుంటుండగానే కన్నంటుకుంది.