వేరే బకెట్

"నీ బట్టలు వేరే బకెట్లో నానబెట్టుకో, మెషీన్లో వెయ్యకు," అంది అత్తయ్య, నేనింకా చెప్పులైనా విప్పకముందే. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రోజూ వింటున్న మాటే. నేను పనిచేసేది పసిపిల్లల బడిలో. పాకే పిల్లల్నీ, తప్పటడుగులు వేసేవాళ్లనీ తోటలోకి వదులుతాం. తడిమట్టిలో చెయ్యి పెడతారు, వానపాముని చూసి బిత్తరపోతారు, ఎండుటాకుని నోట్లో పెట్టుకోబోతారు. మేం పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చూస్తుంటాం. అక్కడ మాకో కట్టుబాటుంది. పిల్లల ముందు 'ఛీ' అనకూడదు, 'చల్లగా ఉందా?' అని అడగాలి. ఆయాలతో సహా అందరం నాలుక కరుచుకుంటూ నేర్చుకున్నాం.

"మట్టి పిసకడానికి జీతం కూడానా!" అని నవ్వుతాడు మా ఆయన, టీ అందుకుంటూ. ఆ టీ పెట్టేదీ నేనే, చేతులు మోచేతుల దాకా కడుక్కున్నానని అత్తయ్యకి చూపించాక. ఒళ్లు మండినా సర్దుకుపోతాను. పాపని చూసుకునేది ఆవిడే మరి. ఏడాదిన్నర పిల్ల, బాల్కనీ కటకటాల వెనక చాప దాటకుండా పెరుగుతోంది. మా బడిలో చేర్పిద్దామంటే, "పరాయి పిల్లలు మట్టి తింటున్నది చాలదా? మన పిల్ల కూడానా?" అన్నాడాయన. ఊళ్లో పిల్లలందరికీ తోట చూపించి, నా పిల్లని చాప మీద వదిలేసి వెళ్తున్నానని రోజూ బస్సులో అనుకునేదాన్ని.

నిన్న సాయంత్రం పాప తూలుతూ ఎదురొచ్చింది. నా పాంటు మోకాలికి అంటిన మట్టిని వేలితో తాకి, గబుక్కున చెయ్యి లాక్కుంది. ముక్కు చిట్లించి, "ఛీ, అమ్మ" అంది.

అది రెండు మాటలు కలిపి పలకడం అదే మొదలు. అత్తయ్య మురిసిపోయింది. మా ఆయన ఫోను తీసి, "ఇంకోసారి అను, బంగారం" అన్నాడు. మళ్లీ అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేను బాత్రూంలోకి వెళ్లి, ఆ బకెట్ మీద కుళాయి తిప్పి ఏడ్చాను.

ఇవాళ పొద్దున్నే పాపని చంకనేసుకుని కిందికి దిగాను. గేటు పక్కన, నీళ్లు పోసిన మొక్కల పాదులో కూర్చోబెట్టి నేనూ కూర్చున్నాను. బురద తగలగానే ఏడుపు లంకించుకుంది. తుడవమని రెండు చేతులూ చాపింది. నేను తుడవలేదు. "చల్లగా ఉందా?" అన్నాను. వెక్కుతూనే నా మొహం చూసి, ఒక వేలు మళ్లీ మట్టిలో పెట్టింది.

పైకి రాగానే, "దాని గౌను కూడా ఆ వేరే బకెట్లో..." అని మొదలుపెట్టింది అత్తయ్య. గౌనూ, నా బట్టలూ తీసుకెళ్లి మెషీన్లో ఆయన తెల్లచొక్కాల మీద పడేసి మీట నొక్కాను. పాపకి ఇంకో ఉతికిన గౌను తొడిగి, నా సంచీ భుజాన వేసుకున్నాను.

"ఎక్కడికే దాన్ని తీసుకుని?"

"మట్టిలోకి, అత్తయ్యా."