పానకాలరావు గారి ముఖం మోసిన గడియారం

నేను ఒక గోడ గడియారాన్ని. విజయవాడలో ఒక ఇరుకు షెడ్డులో పుట్టాను. నా తోబుట్టువులందరికీ లోపల యంత్రం ఒకటే, బ్యాటరీ ఒకటే, ముఖాలే వేరు. ఒక పెట్టెలో వాళ్లకు ఈ పార్టీ నాయకుడి ఫొటో అంటించారు, పక్క పెట్టెలో వాళ్లకు ఆ పార్టీ నాయకుడిది. నా వంతుకు పానకాలరావు గారు వచ్చారు. ముళ్లు సరిగ్గా ఆయన ముక్కు మీద బిగించారు. అందుకని తొమ్మిదింబావుకు ఆయనకు మీసాలు మొలుస్తాయి, ఆరున్నరకు తొండం వేలాడుతుంది. ఇందులో నా తప్పేమీ లేదు.

పోయిన ఎన్నికలప్పుడు ఆయన నన్ను దివిసీమలోని ఒక పల్లె చర్చికి కానుకగా ఇచ్చారు. సమాధుల తోటకు రోడ్డు వేయిస్తానని మాట కూడా ఇచ్చారు. నేను వచ్చాను, ఆయన గెలిచారు, రోడ్డు మాత్రం రాలేదు. టైము చూసుకుని ప్రసంగం ముగిస్తారనే ఆశతో నన్ను పాస్టరు గారికి ఎదురుగా వెనక గోడకు తగిలించారు. ఆ పాస్టరు, దేవవరం అయ్యగారు, నన్ను చూసేవారు. చూసి, "చివరిగా ఒక్క మాట" అనేవారు. ఆ ఒక్క మాట అయ్యేసరికి ఇళ్లలో కూరలు చల్లారిపోయేవి.

చర్చి యూత్ సెక్రటరీ కెజియాకు నేనంటే గిట్టేది కాదు. డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది, ప్రతిదీ ఆలోచించే రకం.

"దేవుడి మందిరంలో ఈయన బొమ్మేంటి అయ్యగారూ?" అని ఒకసారి అడిగేసింది.

"బొమ్మను చూడకమ్మా, ముళ్లు చూడు" అన్నారాయన.

కెజియా నానమ్మ సలోమమ్మది ఇంకో లోకం. ఆమెకు చూపు ఆనదు. నా మధ్యలో ఉన్నది ఈ చర్చి కట్టించి ఏనాడో కన్నుమూసిన మిషనరీ దొరగారి ఫొటో అనుకుంది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ నా ముందు ఆగి "వందనాలు దొరగారూ" అనేది. ఒక నాయకుడి ముఖానికి అంత నిజమైన గౌరవం దక్కడం నేను మరెక్కడా చూడలేదు.

ఆమెకు చావంటే భయం లేదు, దారంటేనే భయం. వానాకాలంలో చనిపోయిన ఆమె భర్తను సమాధుల తోటకు తీసుకెళ్తుంటే మోసేవాళ్లు చేలగట్టు మీద జారారు, శవపెట్టె బురదలో పడింది. "నన్ను మాత్రం అట్టా పడెయ్యకండే" అని మనవరాలి దగ్గర మాట తీసుకుంది. కెజియా మాటైతే ఇచ్చింది గానీ, ఎలా నిలబెట్టుకోవాలో తెలియక లోలోపల కుమిలిపోయేది.

మళ్లీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. తేదీలు ఇంకా రాకముందే ఒక ఆదివారం పానకాలరావు గారు చర్చికి వచ్చారు. ఏ నాయకుడొచ్చినా ముందు నిలబెట్టి ప్రార్థన చేసి పంపడం అక్కడి మర్యాద. సలోమమ్మ ఆయన దగ్గరికెళ్లి ముఖంలోకి తేరిపార చూసింది.

"దొరగారూ, మీరు బతికే ఉన్నారా?"

"అంతా మీ దీవెనమ్మా" అన్నారాయన చేతులు జోడించి. ఏ ప్రశ్నకైనా ఆయన దగ్గర ఒకటే జవాబు.

ఆ రోజు అయ్యగారికి గొంతు పోయింది. ప్రార్థన కెజియాను చేయమన్నారు. పానకాలరావు గారు తల వంచారు. పాపం, అక్కడే దొరికిపోయారు. ప్రార్థన మొదలయ్యాక ఆమెన్ వినబడేదాకా ఎవరూ కళ్లు తెరవరు, కదలరు.

"ప్రభువా, ఈ అన్న పోయినసారి మాకు రోడ్డేయిస్తానన్నాడు."

"స్తోత్రం" అంది సంఘం.

"మా తాతయ్య పెట్టె బురదలో పడింది. నువ్వు చూశావు."

"స్తోత్రం."

ఆయన జేబులో ఫోను మోగి మోగి ఊరుకుంది. పక్క ఊళ్లో ఆయన కోసం సభ ఎదురుచూస్తోంది. అనుచరులు ఒంటి కన్నుతో నన్ను చూశారు. నేను చేయగలిగిందల్లా ముందుకు నడవడమే.

"పని ఎప్పుడు మొదలెడతాడో అన్న తన నోటితో చెప్పేదాకా నీ సన్నిధిలో ఎదురుచూస్తూ కనిపెట్టుకుని ఉంటాం ప్రభువా" అని కెజియా మౌనంగా నిలబడిపోయింది. సంఘమంతా మౌనమే. నా టిక్కుటిక్కు ఒక్కటే వినబడుతోంది. జీవితంలో మొదటిసారి నాకు గర్వంగా అనిపించింది.

"రేపు" అన్నారు పానకాలరావు గారు చివరికి.

"రేపేంటి ప్రభువా?" అంది కెజియా కళ్లు తెరవకుండానే.

"రేపు కంకర దింపిస్తానమ్మా."

ఆ ఆమెన్‌కు నేను మేకు మీద ఊగిపోయాను.

అందరూ వెళ్లాక కెజియా నా కింద చాపలు చుడుతూ ఆగిపోయింది. "నానమ్మా, దేవుడితో మాట్లాడతన్నట్టు నటించి ఆయనతో మాట్లాడాను. అది ప్రార్థనేనంటావా?"

"ఇద్దరూ విన్నారుగా" అంది సలోమమ్మ.

కెజియాకు ఆ జవాబు సరిపోలేదు. చుట్టిన చాపను విప్పి మళ్లీ మొదటినుంచి చుట్టింది. నాకు ఆ పిల్ల మీద జాలి, ప్రేమ రెండూ కలిగాయి.

కంకర వచ్చింది. వెనకే తారూ వచ్చింది. తరువాత ఎన్నికల తేదీలు రాగానే అధికారులు నాయకుల బొమ్మలు తీసేయమన్నారు. కెజియా నన్ను దించి, పానకాలరావు గారి మీద తెల్లకాగితం అంటించి, తమ ఇంటి వసారాలో తగిలించింది. తన మొదటి ఓటు ఎవరికి వేసిందో నాకు చెప్పలేదు. కాగితం కింద ఆయనే ఉన్నారు కదా, మొహమాటపడి ఉంటుంది.

ఎండ తగ్గగానే సలోమమ్మ సమాధుల తోటదాకా కొత్త రోడ్డు మీద నడిచి వస్తుంది. ఒక సాయంత్రం కెజియా అడిగింది. "ఇంక నీకు భయం లేదుగా నానమ్మా?"

"భయం పోయిందే" అంది సలోమమ్మ చెప్పులు తొడుక్కుంటూ. "అయినా ఇంత మంచి దారి పడ్డాక అప్పుడే పోవడమెందుకు? ఇంకొన్నాళ్లు నడవనీ."