ఒకే బెంచీ

మా దగ్గర తెగకో బావి. బడిలో రెండు బావుల పిల్లల్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది పంతులమ్మనైన నేనే. ఎగువ బావి పిల్లాడి పక్కన దిగువ బావి పిల్లాడు. అలా కలిసినవాళ్ళే కైసె, సమతర్. బడి చదువు పూర్తిచేశారు, మూడేళ్ళు పని లేక టీకొట్టు దగ్గర కూర్చున్నారు, చివరికి ఇంట్లో చెప్పకుండా ఐరోపా పడవెక్కారు. దిగువ బావి సమతర్ సముద్రంలో పోయాడు. ఎగువ బావి కైసె బతికాడు.

దాంతో రెండు తెగల పెద్దలూ నా బడిలోనే పంచాయితీ పెట్టారు. పిల్లల బెంచీల్లో మోకాళ్ళు పట్టకపోయినా పౌరుషాలకు మాత్రం లోటు లేదు.

"మావాణ్ణి తీసుకుపోయింది కైసెగాడే. ఈ చావు ఎగువోళ్ళ మెడకే!" అన్నాడు సమతర్ తండ్రి.

"నీ కొడుకేమన్నా చంటిపిల్లాడా, ఎత్తుకుపోడానికి?" అన్నాడు ఎగువ బావి తరఫున మా అన్న రోబ్లె.

తుపాకులు బయట గోడకు ఆనించి ఉన్నాయి. పందొమ్మిదేళ్ళ క్రితం రెండు తెగల పగ ఇలాగే మొదలైతే, రాజీ కోసం ఎగువ బావి పిల్లనైన నన్ను దిగువ బావికి ఇచ్చారు. ఇప్పుడు నా మొగుడూ పిల్లలూ దిగువ వాళ్ళే. తప్పు నేను నెత్తినేసుకుంటే దిగువ వాళ్ళ ఇంటి గొడవగా ముగిసిపోతుందనుకున్నాను.

"పొమ్మన్నది నేనే" అన్నాను. అది అబద్ధం. చదువు చెప్పానే గాని, చదివి ఏం చెయ్యాలో చెప్పలేకపోయాను. "తప్పు మీ కోడలిది. మనింట్లో మనం తేల్చుకుందాం."

మధ్యవర్తి వర్సమె తాత నావైపు జాలిగా చూశాడు. "కోడలివే తల్లీ. కానీ నువ్వు చేసినదానికి జవాబు చెప్పాల్సింది నీ పుట్టింటోళ్ళు. మన కట్టుబాటు మర్చిపోయావా?"

మర్చిపోయాను. ఇన్నేళ్ళూ నేను ఆ ఇంటిదాన్నే అనుకున్నాను, ఎంత పిచ్చిదాన్నో!

సమతర్ తండ్రి లేచాడు. "ఇంకేం! కైసెగాడూ, ఈ పంతులమ్మా, ఇద్దరూ మీవాళ్ళే!"

"ఎంత పని చేశావే" అన్నాడు అన్న. బయటికెళ్ళి తుపాకీ అందుకున్నాడు.

తెల్లారేసరికి నా రేకు పెట్టె గుమ్మం బయట ఉంది. "మీ అన్న రానిస్తాడేమో అడుగు" అన్నాడు నా భర్త, నా మొహం చూడకుండా.

పెట్టె పట్టుకుని బడికే వెళ్ళాను. వేళకు గంట కొట్టాను. ఎగువ పిల్లలు రాలేదు, దిగువ పిల్లలు రాలేదు. నా పిల్లలు కూడా రాలేదు.